గత నెల బంతి రేకులు చేదెక్కాయి, తప్పు నాదే

మా దగ్గర బంతి నారు, ఎండబెట్టిన బంతి రేకులు కొంటున్న అందరికీ నమస్కారం.

వినాయక చవితి తర్వాత పంపిన రేకులు చేదుగా ఉన్నాయని ఆరుగురు ఫోన్ చేశారు. పులిహోరలో వేస్తే పిల్లలు ఏరి పళ్లెం పక్కన పెట్టారని ఒకావిడ చెప్పారు. మిగిలిన పొట్లాల్లో ఒకటి విప్పి నేనూ నాలుగు రేకులు నమిలాను. ముందు నారింజ తొక్కలాంటి వాసన, ఆ వెనకే నాలుక మొదట్లో పట్టుకుని ఎంతకూ వదలని చేదు. వాళ్లు చెప్పింది నిజమే.

బంతి రేకు అడుగున, పచ్చటి తొడుగులో దాగి ఉండేచోట, తెల్లటి మొన ఉంటుంది. చేదు ఎక్కువగా అక్కడే. మా అత్తగారు పువ్వును ఎడమ చేత్తో పట్టుకుని, రేకులన్నిటినీ గుప్పిటతో ఒక్కసారే లాగి, ఆ తెల్ల మొనలను కత్తెరతో కత్తిరించి పడేస్తారు. తీరిగ్గా చేయాల్సిన పని అది. ఈసారి ఆర్డర్లు ఎక్కువయ్యాయని కొత్తగా ఇద్దరిని పెట్టుకున్నాను. ఈ సంగతి నేర్పకుండానే పూలబుట్టలు వాళ్ల ముందు పెట్టాను. మొనలతో సహా ఎండిపోయాయి. తప్పు పూర్తిగా నాది. ఆ పొట్లాలు కొన్నవారందరికీ, ఫిర్యాదు చేయనివారికి కూడా, డబ్బు వాపసు పంపుతున్నాను. ముసురు పట్టినప్పుడు రేకులు సరిగా ఆరవు, బూజు పడతాయి. అందుకే కార్తీకం వచ్చేదాకా రేకులు అమ్మను.

అప్పటిదాకా మీ ఇంట్లోనే పెంచుకోండి. తాజా రేకు రుచి ఎండినదానికి రాదు. పన్నెండు అంగుళాల కుండీ, రోజుకు ఆరు గంటల ఎండ ఉంటే చాలు. ఎండిన పువ్వును విప్పితే సూదుల్లాంటి నల్లటి గింజలు వస్తాయి. వాటిని పలచగా చల్లి పైన కాస్త మట్టి కప్పితే వారంలోపు మొలుస్తాయి. నాటిన నెలకు తల తుంచండి. ప్రాణం ఒప్పదు కానీ, తుంచితేనే పక్క కొమ్మలు వేసి గుబురుగా పూస్తుంది. ఎరువు ఎక్కువైతే ఆకే తప్ప పువ్వు ఉండదు. వేసవిలో ఆకుల వెనక ఎర్రనల్లి అనే సన్నటి పురుగు పడితే మందు జోలికి పోకుండా, ఆకుల అడుగున తగిలేలా నీళ్లు గట్టిగా కొట్టండి.

బజారులో కొన్న పూలు, దండలోంచి తీసినవి, పూసి ఉన్న మొక్కతో పాటు వచ్చినవి వంటలో వేయకండి. అవి తినడానికి పెంచినవి కావు, వాటిపై ఏ మందు కొట్టారో మనకు తెలియదు. ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను. చామంతి, పొద్దుతిరుగుడు జాతి మొక్కలు పడనివారికి బంతీ పడకపోవచ్చు. గర్భిణులు డాక్టరును అడిగాకే తినాలి.

వంటలో ఒక కిటుకు ఉంది. బంతికి ఆ పసుపు రంగునిచ్చే ల్యూటిన్ నూనెలో, నేతిలో కరుగుతుంది, నీళ్లలో కరగదు. కాబట్టి రేకులను అన్నంలో నేరుగా కలపకుండా, పోపు దించాక ఆ వేడి నేతిలో వేసి ఒక్కసారి తిప్పండి. నెయ్యి బంగారు రంగులోకి తిరుగుతుంది. దాన్ని పెరుగన్నంలో కలిపితే చూడటానికే ఎంతో బాగుంటుంది. జార్జియా దేశంలో ఎండిన బంతి రేకుల పొడిని మసాలాగా కూరల్లో వాడతారు. మనం బతుకమ్మలో పేరుస్తాం, గొబ్బెమ్మకు పెడతాం, గుమ్మానికి కడతాం. మెక్సికో నుంచి వచ్చిన మొక్క ఇంతగా మనదైపోయినా, మన వంటింట్లోకి మాత్రం ఎందుకో రాలేదు. నా వ్యాపారం మొదలైంది ఆ ఆలోచనతోనే.

ఇంకో మాట. బంతి టీ గురించి చదివి ఇద్దరు ముగ్గురు అడిగారు. ఆ టీ మామూలుగా కాచేది ఆంగ్లంలో మారిగోల్డ్ అనే పేరుతోనే పిలిచే కాలెండ్యులాతో. అది వేరే మొక్క. మా దగ్గర అది లేదు.

డబ్బు ఈ శనివారంలోగా మీ ఖాతాలో పడుతుంది. పడకపోతే ఆర్డర్ చేసిన నంబరుకే ఫోన్ చేయండి, నేనే మాట్లాడతాను.