మంత్రి గారూ, ఆ రోజు ఫోన్ లాక్కున్నది నేనే

రాష్ట్ర ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నేను కోనసీమలో ఒక డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. పద్దెనిమిదేళ్ల సర్వీసు. మంత్రులకు ఉత్తరాలు రాసే అలవాటు లేదు, ట్రాన్స్‌ఫర్ కోసం కూడా ఎప్పుడూ రాయలేదు.

2025 జూన్ 24, మంగళవారం, మొదటి పీరియడ్. ఫైనలియర్ క్లాసులో ఒక అమ్మాయి బల్ల కింద ఫోన్ పెట్టుకుని పదేపదే చూస్తోంది. రెండుసార్లు చూసీ చూడనట్టు వదిలేశాను. మూడోసారి వెళ్లి ఫోన్ లాక్కున్నాను. "క్లాసయ్యాక స్టాఫ్ రూముకొచ్చి తీసుకో" అన్నాను. ఆ పిల్ల ఏడవలేదు, బతిమాలలేదు. పక్కనున్న అమ్మాయే లేచి, "మేడమ్, వాళ్లమ్మ దోహాలో ఉందండి. రాత్రి నుంచి ఫోన్ కలవట్లేదంటండి" అంది.

ముందురోజు రాత్రి ఖతార్‌లోని అల్ ఉదెయిద్ అమెరికా సైనిక స్థావరం మీద ఇరాన్ క్షిపణులు వేసింది. ఖతార్ గగనతలం మూసేశారు. ఆ వార్త టీవీలో చూసే పడుకున్నాను. చూశాను గానీ, పొద్దున్నే నేను వెళ్లే గదిలో దోహాలో అమ్మ ఉన్న పిల్ల ఉంటుందని తట్టలేదు. కోనసీమలో పుట్టి పెరిగినదాన్ని. మా వీధిలోనే మూడిళ్లు గల్ఫ్ డబ్బుతో లేచాయి. 1990లో కువైట్ నుంచి మనవాళ్లు జోర్డాన్ మీదుగా విమానాల్లో తిరిగొచ్చిన రోజుల్లో, కట్టుబట్టలతో దిగిన మా బాబాయిని చూడ్డానికి ఊరంతా వచ్చింది. అయినా తట్టలేదు.

ఫోన్ తిరిగిచ్చేశాను. తర్వాత ఏం చేయాలో తెలియక, బోర్డు వైపు తిరిగి రియాక్షన్ మెకానిజం రాయడం మొదలుపెట్టాను. నలభై మంది పిల్లలు కళ్లప్పగించి చూస్తున్నారు. సాయంత్రానికి వాళ్లమ్మ క్షేమంగానే ఉన్నట్టు తెలిసింది. ఇంటి యజమాని వైఫై కట్టేశాడట, అంతే. కానీ ఆ ముప్పావుగంట నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఇలాంటి రోజున క్లాసులో ఏం చేయాలో మాకు ఏ ట్రైనింగులోనూ చెప్పలేదు. ఆ ట్రైనింగుల సంగతే ఇది. నేను చేసిన కోర్సుల సర్టిఫికెట్లు ఒక ఫైలులో ఉన్నాయి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఓరియెంటేషన్, తర్వాత రెండు రిఫ్రెషర్లు, ఈమధ్య జాతీయ విద్యావిధానం మీద ఎనిమిది రోజుల ఆన్‌లైన్ కోర్సు. ఆ శిక్షణ కేంద్రాల పేర్లు రెండుసార్లు మారాయి. మొదట అకడమిక్ స్టాఫ్ కాలేజీలు, తర్వాత మానవ వనరుల అభివృద్ధి కేంద్రాలు, 2023 సెప్టెంబరు నుంచి మాలవీయ మిషన్ కేంద్రాలు. ప్రమోషన్‌కి ఇవి కావాలి కాబట్టి అందరం చేస్తాం. ఎలా చేస్తామో మీకూ తెలిసే ఉంటుంది. కెమెరా ఆపి, మ్యూట్‌లో పెట్టి, ఒక చెవిలో రిసోర్స్ పర్సన్, ఇంకో చెవిలో కుక్కర్ విజిల్. చివర్లో మల్టిపుల్ చాయిస్ పరీక్ష. నా చివరి కోర్సులో ఒకరోజు స్పీకర్ గారి నెట్ పోయింది. నలభై నిమిషాలు ఖాళీ స్క్రీన్ చూశాం. దానికీ అటెండెన్స్ పడింది.

మాలవీయ మిషన్ కోర్సుకి ఎనిమిది అంశాలు పెట్టారు. భారతీయ జ్ఞాన పరంపర ఉంది, విద్యార్థుల వైవిధ్యం ఉంది, పరిశోధన, నైపుణ్యాలు, కంప్యూటర్ సాంకేతికత ఉన్నాయి. మంచివే, కాదనను. యుద్ధం వస్తే, తుపాను వస్తే, ఊళ్లో పైపులైను పేలితే క్లాసు ఎలా నడపాలన్నది మాత్రం ఆ ఎనిమిదిలో ఒక శీర్షికగా లేదు.

కోనసీమకి యుద్ధమేంటి అని ఎవరైనా అనొచ్చు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీదే కాదు, కాకినాడ మీదా బాంబులు వేశాయి. ఆ యుద్ధకాలంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం విశాఖ వదిలి గుంటూరు వెళ్లిపోయింది. కట్టమంచి రామలింగారెడ్డి గారు అప్పుడు వైస్ ఛాన్సలర్. ఒక యూనివర్సిటీ మొత్తం సామాన్లు సర్దుకుని ఇంకో ఊళ్లో పాఠాలు చెప్పి, యుద్ధం అయ్యాక తిరిగొచ్చింది. ల్యాబులు ఏం చేశారు, పరీక్షలు ఎలా పెట్టారు, ఏ పుస్తకాలు మోసుకెళ్లారు, ఏవి వదిలేశారు? మన శిక్షణ తరగతుల్లో ఒక్కరూ దీని గురించి చెప్పగా నేను వినలేదు. మనింట్లో ఉన్న పాఠం ఇది.

2025 మే నెలలో పాకిస్తాన్‌తో ఘర్షణ జరిగినప్పటి సంగతి మీకు నాకన్నా బాగా తెలుసు. పంజాబ్, జమ్మూకశ్మీర్‌లలో చదువుతున్న మన పిల్లలు ఢిల్లీలో ఆంధ్రభవన్‌కి చేరారు. ఆ వారం మా క్లాసు వాట్సాప్ గ్రూపులో ఒకడు వీడియో గేమ్ తాలూకు క్లిప్పు పెట్టి "లైవ్" అన్నాడు. పది నిమిషాల్లో అది మూడు గ్రూపులకి పాకింది. మిలిటరీ మాధవరం పేరు మీరు వినే ఉంటారు, తాడేపల్లిగూడెం దగ్గర, ఇంటికొకరు సైన్యంలో ఉండే ఊరు. అలాంటి ఊళ్ల పిల్లలు మన జిల్లాల కాలేజీలన్నిట్లో ఉన్నారు. నాన్న సరిహద్దులో ఉన్న పిల్లవాడు ఆ క్లిప్పు చూస్తే ఏమవుతుంది? గ్రూపుకి అడ్మిన్ నేనే. డిలీట్ చేశాను. డిలీట్ చేసి ఏం చెప్పాలో తెలియక ఊరుకున్నాను.

చేతనైనవాళ్లని ఒక్కసారి చూశాను. రావులపాలెం దగ్గర మా బంధువుల అబ్బాయి ఉక్రెయిన్‌లో మెడిసిన్ చదివేవాడు. 2022లో యుద్ధం మొదలయ్యాక మన ప్రభుత్వం నడిపిన ఆపరేషన్ గంగ విమానంలో ఇంటికొచ్చేశాడు. కొన్ని నెలలు అరుగు మీద కూర్చుని ఆన్‌లైన్ క్లాసులు విన్నాడు. అక్కడ పొద్దున ఎనిమిదిన్నరకి మొదలైతే వేసవిలో ఇక్కడ పదకొండు. ఒకరోజు నేనూ పక్కనే ఉన్నాను. మధ్యలో సైరన్ వినిపించింది. టీచరమ్మ కంగారుపడలేదు. ఏ పేజీ దగ్గర ఆపుతున్నారో చెప్పి, అందరూ క్షేమమా అని ఒక్కసారి అడిగి, కాల్ కట్ చేసింది. సాయంత్రం మిగిలిన పాఠం రికార్డు చేసి పంపింది. ఆవిడ పేరు కూడా నాకు తెలియదు. కానీ ఆ మూడు పనుల వరస ఆవిడకి అలవాటైపోయిందని మాత్రం అర్థమైంది.

ఆ దేశంలో యూనివర్సిటీ అధ్యాపకులు అయిదేళ్లలో 180 గంటల శిక్షణ పూర్తి చేయాలన్న నిబంధన యుద్ధానికి ముందే ఉంది. యుద్ధం వచ్చాక ఆ శిక్షణల్లోకి మానసిక ప్రథమ చికిత్స, కరెంటు లేనప్పుడు పాఠం చెప్పడం లాంటివి వచ్చి చేరాయి. దొనెత్స్క్ యూనివర్సిటీ 2014లోనే విన్నిత్సియాకి తరలింది. ఖేర్సన్ యూనివర్సిటీ 2022లో ఇవానో-ఫ్రాంకివ్‌స్క్‌కి వెళ్లింది. వాళ్లు మనకన్నా తెలివైనవాళ్లని కాదు, ఇల్లు కాలుతుంటే బావి తవ్వాల్సి వచ్చింది వాళ్లకి. మనకింకా తవ్వుకునే టైముంది.

మాలవీయ మిషన్ కేంద్రానిదని నాకు తెలుసు. కానీ కళాశాల విద్యాశాఖ కమిషనర్ ఆఫీసు, ఉన్నత విద్యామండలి మీ కిందివే. వాళ్లు పెట్టే శిక్షణల్లో ఒక్క రోజు దీనికి కేటాయించండి. ఆన్‌లైన్లో మాత్రం వద్దు, దండం పెడతాను. రాజమండ్రిలోనో కాకినాడలోనో ఎదురెదురుగా కూర్చోబెట్టండి. ఉక్రెయిన్ నుంచి తిరిగొచ్చిన మెడికోలని పిలవండి. మాధవరం నుంచి ఒక రిటైర్డ్ సుబేదార్‌ని పిలవండి. 1996 నవంబరు 6 తుపాను తర్వాత తడిసిన రికార్డులు ఆరబెట్టి మార్కుల రిజిస్టర్లు మళ్లీ రాసిన పాత క్లర్కులు ఇంకా ఉన్నారు, వాళ్లకి తెలిసినంత మాకు తెలియదు. దేశభక్తి మీద గంట ఉపన్యాసం మాత్రం పెట్టకండి. అది ఆగస్టు 15న ఎలాగూ వింటాం.

ఇంకొకటి, ఇది శిక్షణతో అయ్యేది కాదు, మీ సంతకంతో అయ్యేది. ఇలాంటి రోజున ఒక పిల్లకి ఇంటర్నల్ పరీక్ష వాయిదా వేసే అధికారం నాకు లేదు. నేను ప్రిన్సిపాల్‌ని అడగాలి, ఆయన యూనివర్సిటీకి రాయాలి, అక్కణ్నుంచి జవాబు వచ్చేసరికి యుద్ధమే అయిపోతుంది. ఆన్‌లైన్ అటెండెన్స్‌లో ఆ పిల్ల ఆబ్సెంట్ అయితే డెబ్బై అయిదు శాతం లెక్కలో కోత పడుతుంది. అందుకే ఆ రోజు ఆ అమ్మాయి క్లాసుకొచ్చిందట, తర్వాత చెప్పింది. ఇంట్లో ఫోన్ దగ్గర కూర్చోవాల్సిన పిల్ల, హాజరు పోతుందని నా పాఠానికొచ్చింది. సమీప బంధువు యుద్ధప్రాంతంలో ఉంటే మూడు రోజుల హాజరు, ఒక ఇంటర్నల్ వాయిదా క్లాస్ టీచర్ చేతిలోనే పెడుతూ ఒక జీవో ఇవ్వండి. దుర్వినియోగం అవుతుందంటారు. కొంత అవుతుంది. దోహాలో లేని అమ్మలు కూడా కొందరు దోహాకి వెళ్లొస్తారు. అది మేం చూసుకుంటాం.

ఆ అమ్మాయి డిగ్రీ ప్యాసైంది. వాళ్లమ్మ ఇంకా దోహాలోనే వంటపని చేస్తోంది. నాకు ఇంకో రిఫ్రెషర్ కోర్సు బాకీ ఉంది. రెండు వారాలు, ఆన్‌లైన్. టైమ్‌టేబుల్ ఇంకా రాలేదు.

ఇట్లు,
ఒక కెమిస్ట్రీ లెక్చరర్,
డా. బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా