మంగళగిరి నేత తరగతులు: వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

గత ఏప్రిల్ నుంచి ఈ మార్చి వరకు సంఘం నడిపిన నేత తరగతుల వివరాలివి. జమాఖర్చుల పట్టిక విడిగా సర్వసభ్య సమావేశంలో పెడతాం. తరగతుల్లో ఏం నేర్పాం, ఏది కుదిరింది, నూలూ సమయమూ ఎక్కడ వృథా అయ్యాయి అన్నంతవరకే ఇక్కడ రాస్తున్నాం. తరగతులు రెండు: మగ్గం ఎప్పుడూ ఎక్కనివాళ్లకు ఒకటి, ఏళ్ల తరబడి నేస్తున్నవాళ్లకు ఒకటి.

కొత్తవాళ్ల తరగతి

ముందుగా ఒక ఫిర్యాదు సంగతి. చేరి వారాలు గడిచినా పిల్లలను నాడె (అడ్డపోగును అటూ ఇటూ మోసే సాధనం) ముట్టనివ్వడం లేదని కొందరు అడిగారు. కావాలనే అలా పెట్టాం. కాళ్లూ చేతులూ కలిపి ఆడించడం ఎవరికైనా తొందరగానే పట్టుబడుతుంది. పడుగు (మగ్గం మీద నిలువుగా సాగే పోగులు) సిద్ధం చేసుకోవడం రానివాళ్లు మాత్రం మొదటి పడుగు అయిపోగానే ఖాళీ మగ్గం ముందు కూర్చోవాల్సిందే. అందుకే సగానికి పైగా సమయం లెక్కకు, చుట్టడానికి, పోగులు ఎక్కించడానికే ఇచ్చాం. వచ్చే ఏడూ ఇదే పద్ధతి.

నేర్చుకునే పడుగుకు మన ఊరి 80 నంబరు నూలు (నంబరు పెరిగేకొద్దీ పోగు సన్నం) పనికిరాదు. ముట్టుకుంటే తెగుతుంది, తెగిన ప్రతి పోగుకూ ఒక పూట పోతుంది. రెండు పోగులు కలిపి మెలిపెట్టిన 2/40 నూలు తీసుకున్నాం. మందంలో ఇది 20 నంబరు ఒంటిపోగుతో సమానం, గంజి లేకపోయినా నిలుస్తుంది. లెక్క ఇలా చేయించాం. 40 నంబరు రీడులో (పోగులను విడదీసి, పేకను కొట్టే దువ్వెన లాంటి చట్రం) రెండు అంగుళాలకు 40 పళ్లు, అంటే అంగుళానికి 20. పంటికి రెండు పోగుల చొప్పున అంగుళానికి 40 పోగులు. రీడులో 20 అంగుళాల వెడల్పుకు 800 పోగులు. పడుగు పొడవు 10 మీటర్లయితే మొత్తం 8,000 మీటర్ల నూలు. ఒక చిలప (నూలు చుట్ట) 840 గజాలు, అంటే 768 మీటర్లు. కాబట్టి దాదాపు పదిన్నర చిలపలు; 20 నంబరు మందంలో 20 చిలపలు ఒక పౌను తూగుతాయి గనక బరువులో దాదాపు 236 గ్రాములు. అంచు పోగులకు, తరుగుకు కలిపి పావు కిలో తీసుకోమని చెప్పాం. పేకకు, అంటే అడ్డపోగులకు, అంగుళానికి 36 పోగుల లెక్కన, 9 మీటర్ల బట్టకు ఇంకో 190 గ్రాములు. పది మీటర్ల పడుగు పెట్టి పది మీటర్ల బట్ట ఆశించేవాళ్లు ప్రతి జట్టులోనూ ఉంటారు. మగ్గానికి కట్టే కొసలు, రీడు వెనక మిగిలే తోక, నేతలో పోగు వంకరలు తిరిగి కుంచించుకుపోయే పొడవు తీసేస్తే 9 మీటర్లు వస్తే మంచిదే. వెడల్పు కూడా రీడులో ఉన్న 20 అంగుళాల కంటే ఒకటి, ఒకటిన్నర అంగుళం తగ్గుతుంది.

పోగులు ఎక్కించడం దగ్గర తప్పులు ఎక్కువ. హీల్డు (పడుగు పోగులను ఎత్తి దించే కన్నాల తీగలు) కళ్లలోంచి ఒకటి ముందు చట్రానికి, ఒకటి వెనక చట్రానికి పోవాలి. వరస తప్పి పక్కపక్క పోగులు రెండూ ఒకే చట్రంలో పడితే బట్ట పొడవునా జంటగీత కనిపిస్తుంది. రీడు పంటిలో రెండుకు బదులు మూడు పడితే దట్టమైన గీత, పన్ను ఖాళీగా వదిలేస్తే వెలుతురు కనపడే చీలిక. ఈ మూడూ వేర్వేరు రోగాలు. దగ్గరనుంచి చూస్తే తేడా తెలుస్తుంది కాబట్టి ప్రతి ఒక్కరి చేతా మొదటి రెండు అంగుళాలు ముతక పేకతో నేయించి, వెలుతురుకు ఎత్తి చూపించాం. అక్కడ దొరికిన తప్పుకు కొన్ని పోగులు విప్పి ఎక్కిస్తే సరిపోతుంది, మీటరు దాటాక దొరికితే మీటరు బట్టా పోయినట్టే.

బీముకు (పడుగు చుట్టే దూలం) చుట్టేటప్పుడు పొరల మధ్య పాత పేపరు వేయడం మరిచిపోవద్దు. పై పొర పోగులు కింది పొరలోకి దిగబడితే కొన్ని బిగుతుగా, కొన్ని వదులుగా వస్తాయి. వదులు పోగులు నాడె దారిలోకి వేలాడతాయి, నాడె వాటికి తగిలి బయటికి ఎగిరిపోతుంది. నాడె ఎగిరితే లాగుడు తాడును గట్టిగా లాగడమే కారణమని అనుకుంటారు గానీ ముందు చూడాల్సింది నాడె దారి శుభ్రంగా విచ్చుకుందా లేదా అని.

ఇక అంచులు. కొత్తవాళ్ల బట్ట నడుము సన్నగా లోపలికి లాక్కుపోతుంది. పేకను బిగదీసి లాగడమే కారణం. నాడె వెళ్లాక పేకను కాస్త ఏటవాలుగా వదిలి రీడు కొట్టమని చెప్పాం. కండె (నాడెలో పెట్టే పేక నూలు చుట్ట) వదులుగా చుడితే పేక కుప్పగా జారి ఒకేచోట ముద్ద కడుతుంది, అది వేరే జబ్బు. బట్ట వెడల్పు పట్టి ఉంచే కర్రను ప్రతి రెండు అంగుళాలకూ ముందుకు జరపాలి. బద్ధకించి నాలుగైదు అంగుళాలు వదిలేసినచోట అంచు పోగులు రీడుకు రాసుకుని తెగాయి.

అనుభవం ఉన్నవాళ్ల తరగతి

ఈ తరగతికి వచ్చినవాళ్లకు నేత చెప్పాల్సిన పని లేదు. డాబీ (హీల్డు చట్రాలను డిజైను ప్రకారం ఎత్తే పరికరం) డిజైన్లు కావాలన్నారు. అవి చెప్పాం. కానీ ఎక్కువ అక్కరకు వచ్చింది వాళ్లు అడగని లెక్క. డిజైను గీయడానికి మామూలు చతురస్రాల గ్రాఫు కాగితమే అందరూ వాడుతున్నారు. అంగుళానికి 80 పడుగు, 60 పేక ఉన్న బట్టలో 40 గళ్ల వెడల్పు అర అంగుళం, 40 గళ్ల ఎత్తు అంగుళంలో మూడింట రెండు వంతులు. కాగితం మీద గుండ్రటి పువ్వు బట్ట మీద కోలగా సాగుతుంది. అదే పువ్వును 40 గళ్ల వెడల్పు, 30 గళ్ల ఎత్తులో గీస్తే గుండ్రంగా వస్తుంది. డిజైను ఖరారయ్యాక మార్చడం కంటే ముందే పిక్ గ్లాసు (పోగులు లెక్కపెట్టే భూతద్దం) పెట్టి లెక్కపెట్టుకోవడం నయం.

మన నిజాం అంచుకు (మంగళగిరి చీరల జరీ అంచు) సంబంధించి ఒక పూటంతా జరీ మీదే గడిచింది. నూలు సాగినంతగా జరీ సాగదు. రెండింటినీ ఒకే బీము మీద పెడితే నేతలో నూలు పోగు ఒకలా, జరీ పోగు ఇంకోలా కుదించుకుని, ఉతికాక అంచు ముడత పడుతుంది. జరీ పోగులకు విడిగా చిన్న బీము పెట్టి, బరువు వేరుగా వేలాడదీయాలి. ఇసుక సంచి మేలు: గుప్పెడు తీయొచ్చు, గుప్పెడు కలపొచ్చు. ఇటుకతో ఆ వీలు లేదు.

ఉదయం మగ్గం ఎక్కగానే పడే అడ్డగీత గురించి ఎప్పటి నుంచో గొడవ ఉంది. కొనేవాళ్లు ముందు పట్టుకునేది అదే. రాత్రంతా పడుగు బిగుతుగా ఉంటే సాగుతుంది, మొదటి పేక సరైన చోట పడదు. దిగేముందు రెండు హీల్డు చట్రాలనూ సమానంగా నిలిపి పడుగు కొద్దిగా వదులు చేయాలి. పొద్దున మళ్లీ బిగించి, రీడు ఒకసారి తాకించి చూసి అప్పుడు నాడె వేయాలి.

గంజి విషయంలో కాలాన్ని బట్టి కొలత మారాలని గట్టిగా చెప్పాం. 80 నంబరు ఒంటిపోగుకు నూలు బరువులో పదో వంతు బియ్యప్పిండితో మొదలుపెట్టి, పోగు నూగు అణగే వరకు పెంచుకోవాలి. ఎక్కువైతే పోగు పుల్లలా విరుగుతుంది. చెంచాడు నూనె కలిపితే మెత్తబడుతుంది. వానాకాలంలో ఆరక బూజు పడుతుంది. ఎండాకాలంలో గుంట మగ్గానికి ఉన్న మేలు అందరికీ తెలిసిందే: నేల చెమ్మకు పోగు తెగడం తగ్గుతుంది. స్టాండు మగ్గాల వాళ్లు మగ్గం కింద తడిగోనె పరచుకోవాలి.

వ్యాట్ రంగుల అద్దకం కొద్దిగానే జరిగింది. నీళ్లు 50, 60 డిగ్రీల మధ్య ఉండాలి. చిలపలు నీళ్లపైకి తేలితే అక్కడ గాలి తగిలి మచ్చ పడుతుంది. హైడ్రోస్ (వ్యాట్ రంగు నీళ్లలో కరగడానికి కలిపే పొడి) డబ్బా మూత తీసి ఉంచితే గాలిలో తేమకే బలం పోతుంది. మచ్చలు పడ్డ నూలులో ఎక్కువ భాగం ఈ రెండు కారణాల వల్లే.

చేనేత దినం

ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవం. 1905లో అదే రోజు కలకత్తాలో మొదలైన స్వదేశీ ఉద్యమానికి గుర్తుగా 2015 నుంచి జరుపుతున్నారు. సన్మానాలు, శాలువాలు పెట్టలేదు. తప్పులు పడ్డ బట్ట ముక్కలు బల్లల మీద పరిచి, ప్రతిదానికీ కారణం రాసిన చీటీ కుట్టాం. పెద్ద నేతగాళ్లు వచ్చి మా చీటీలతో వాదించారు, రెండు మూడు చోట్ల వాళ్ల మాటే సరైందని చీటీలు మార్చాం. ఆ ముక్కలే ఇప్పుడు కొత్తవాళ్లకు పాఠ్యపుస్తకం.

వచ్చే ఏడాది

చిలప నూలు ధర మీద కేంద్రం ఇచ్చే 15 శాతం రాయితీ అందాలంటే నూలు పాసుపుస్తకం ఉండాలి. లేనివాళ్ల దరఖాస్తులు నింపడానికి తరగతి గదిలోనే ఒక పూట కేటాయిస్తాం. అంచు డిజైన్లకు ఇంకో డాబీ కావాలని అడుగుతున్నారు గానీ, ముందు పాత రీడులు మార్చడమే అవసరమని కార్యవర్గం అభిప్రాయం. తుప్పుపట్టి వంగిన పన్ను ఒక్కటి ఉన్నా పోగులు కోసుకుపోతాయి.

తరగతుల్లో చేరేవారు పేరు ఇచ్చేటప్పుడు ఇంట్లో మగ్గం ఉందా, ఉంటే గుంట మగ్గమా స్టాండు మగ్గమా, రీడు నంబరు ఎంత అన్నది కూడా రాయించండి. జట్లు దాన్నిబట్టే వేస్తాం.