దీపం కొండెక్కింది, పూలు కొండెక్కాయి

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన నెల తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు నాలుగు రోజుల తర్వాత బడికొచ్చి నా బల్ల మీద సెలవుచీటీ పెట్టాడు. ఎవరి సాయమూ లేకుండా ఇంగ్లీషులో తానే రాసుకొచ్చాడు. చదువుతూ ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. ‘మై గ్రాండ్‌ఫాదర్ కిక్డ్ ద బకెట్’ అని ఉంది. తాతను పోగొట్టుకున్న బిడ్డ. కళ్లింకా ఉబ్బే ఉన్నాయి.

ఆ మాటకు చనిపోవడమనే అర్థం ఉన్నమాట నిజమే. కానీ ఇంగ్లీషువాళ్లు దాన్ని తేలిగ్గా, కాస్త వెటకారంగా వాడతారు. మనవాళ్లు కూడా ‘బాల్చీ తన్నేశాడు’ అంటుంటారు కదా, అట్లాంటిదే. తాత గురించి ఇంట్లో ఎవరైనా ఆ మాటంటే పెద్దవాళ్లు ఊరుకుంటారా?

తప్పు వాడిది కాదు, మాది. జూన్‌లో మేమే అరవై ఇంగ్లీషు జాతీయాలు జిరాక్సు తీసి పంచాం. ఎడమపక్క మాట, కుడిపక్క అర్థం. బట్టీ పట్టించాం, అప్పజెప్పించుకున్నాం. కాగితంలో ‘కిక్ ద బకెట్ అంటే చనిపోవు’ అని ఉంటే, వాడు దాన్ని నమ్మి రాశాడు.

వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను. “నాయనా, మీ ఇంట్లో దీపం ఆరిపోతే అవ్వ ఏమంటుంది?”

“కొండెక్కింది అంటుంది మేడం.”

“ఆరిపోయిందని ఎందుకనదు?”

“అట్లా అనకూడదు మేడం.”

“ఇంగ్లీషులోనూ అట్లా అనకూడని చోట్లుంటాయి. తాత విషయం రాసేటప్పుడు ‘పాస్డ్ అవే’ అని రాయాలి.”

ఇంకేమీ చెప్పాల్సిన పని లేకపోయింది. అక్కడే కూచుని చీటీ మళ్లీ రాసిచ్చాడు.

అప్పటినుంచి ఆ ‘కొండెక్కడం’ నా మనసులో తిరుగుతూనే ఉంది. మన తిరుపతిలో అలిపిరి దగ్గర మొదలుపెట్టి భక్తులు కొండెక్కుతారు. శ్రావణ శుక్రవారం వస్తే మల్లెపూలు కొండెక్కుతాయి. ఇంట్లో దీపం కొండెక్కుతుంది. మాట ఒకటే, సంగతులు మూడు. ఒకటో తరగతి బిడ్డ కూడా వీటిలో తికమక పడదు. దానికెవరూ జిరాక్సు ఇవ్వలేదు. ఎవరు, ఎప్పుడు, ఏ గొంతుతో అన్నారో విన్నది, పట్టుకుంది. ఇంగ్లీషు జాతీయాలు కూడా ఈ దారిలోనే రావాలి. దానికి మీ సాయం కావాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

“మాకు ఇంగ్లీషు రాదు మేడం, మేమేం నేర్పుతాం” అని మీలో చాలామంది అంటారు. నాకు కావలసింది మీ ఇంగ్లీషు కాదు, మీ తెలుగు. ‘బీటింగ్ అరౌండ్ ద బుష్’ అనే మాటనే చూడండి. వేటగాళ్ల కోసం పొదల చుట్టూ కర్రలతో కొట్టి పిట్టలను లేపే పని నుంచి పుట్టింది. అసలు విషయానికి రాకుండా చుట్టూ తిరగడమని అర్థం. మనం దాన్నే డొంకతిరుగుడు అంటాం. వాళ్లకు పొద, మనకు డొంక! ఏడో తరగతిలో ఇది చెప్పినరోజు పిల్లల మొహాలు మీరు చూడాల్సింది.

అన్నీ ఇంత చక్కగా కుదరవు. ‘సిటింగ్ ఆన్ ద ఫెన్స్’ అంటే గోడ మీద పిల్లి అని గైడ్లలో రాసేస్తారు. నేను ఒప్పుకోను. కంచె మీద కూర్చున్నవాడు ఎటూ తేల్చుకోకుండా ఉంటాడు, అంతే. మన పిల్లి ఎటు లాభముంటే అటు దూకడానికి కాచుకుని ఉంటుంది. ఆ తేడా తెలిసిన పిల్లలకు రెండు భాషలూ వచ్చినట్టే. ‘పీస్ ఆఫ్ కేక్’ అంటే నల్లేరు మీద బండి నడక. ఇక్కడ ఇంకో చిక్కొచ్చింది. కేకు తెలియని పిల్లలు లేరు, నల్లేరు చూసినవాళ్లే తరగతికి ఇద్దరో ముగ్గురో. ఈసారి ఊరికి వెళ్లినప్పుడు కంచె మీద పాకే నల్లేరును దయచేసి చూపించండి. దాంతో పచ్చడి చేసే అవ్వలుంటే రుచి కూడా చూపించండి.

జాతీయంలో మాట మార్చకూడదన్నది కూడా ఇంటి తెలుగుతోనే తేలిగ్గా అర్థమవుతుంది. ఎదురుచూసి కళ్లు కాయలు కాచాయంటాం. కాయలు పండాక కళ్లు పండ్లు కాచాయని అనం. అట్లాగే బకెట్ తీసేసి అక్కడ వేరే పాత్ర పెడితే ఆ ఇంగ్లీషు మాటకు అర్థం ఉండదు.

క్రికెట్ నుంచి వచ్చినవైతే మన పిల్లలకు పెద్దగా చెప్పక్కర్లేదు. ‘స్టికీ వికెట్’ ఒక్కటి మాత్రం వివరించాల్సొచ్చింది. పిచ్ మీద కవర్లు కప్పని రోజుల్లో వాన పడి ఎండ కాస్తే బంతి ఎటు లేస్తుందో తెలిసేది కాదు. ఇరకాటంలో పడటమని ఆ మాట అక్కడినుంచే వచ్చింది. ‘హ్యాట్రిక్’ కథ పిల్లలకు బాగా నచ్చింది. 1858లో ఇంగ్లండులోని షెఫీల్డులో స్టీఫెన్‌సన్ అనే బౌలర్ వరుసగా మూడు బంతుల్లో మూడు వికెట్లు తీస్తే, మెచ్చుకుని అతనికి టోపీ బహూకరించారు. అయితే ఇట్లాంటి కథలన్నీ నమ్మకండి. ‘రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్’ గురించి, వానకు గడ్డికప్పుల మీదనుంచి పిల్లులూ కుక్కలూ జారిపడేవని వాట్సాపులో తిరుగుతోంది. దానికి ఆధారమేమీ లేదు. 2021 నవంబరులో మన ఊరు మునిగినప్పుడు మనమందరం ‘కుండపోత’ అన్నాం. ఆ ఒక్క మాట చాలు, పిల్లలకు దాని భావం తెలుస్తుంది.

ఇది కొత్త పద్ధతేమీ కాదు. పక్కనే కడపలో పనిచేసిన సి.పి. బ్రౌన్ దొర తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో అచ్చయింది. అందులో ఆయన ఒట్టి అర్థాలతో సరిపెట్టలేదు. ఆ మాటను తెలుగువాళ్లు ఎట్లా వాడతారో వాక్యాలతో చూపించాడు. ఒక దొర మన నుడికారం కోసం అంత కష్టపడితే, వాళ్ల నుడికారాన్ని మన పిల్లలతో జిరాక్సులో బట్టీ పట్టించడం నాకు బాధగా ఉంది.

అందుకని ఆ అరవై మాటల కాగితం వెనక్కి తీసుకుంటున్నాం. ఇకనుంచి వారానికి మూడే జాతీయాలు. ప్రతిదానికీ ఎవరితో అనొచ్చు, ఎవరితో అనకూడదు అన్నది కూడా చెబుతాం. వ్యాసంలో వరసబెట్టి జాతీయాలు గుప్పిస్తే ఎక్కువ మార్కులొస్తాయని కొందరు అనుకుంటున్నారు. దయచేసి ప్రోత్సహించకండి. తాలింపు ఎక్కువైతే పులిహోర తినలేం.

వచ్చే సోమవారం నుంచి పిల్లలు సాయంత్రం ఇంటికొచ్చి, “దీన్ని మనింట్లో ఎట్లా అంటారు?” అని అడుగుతారు. మీకు తోచింది చెప్పండి. ఇంట్లో తమిళమో ఉర్దూనో మాట్లాడేవాళ్లు ఆ భాషలోనే చెప్పండి, తెలుగు లిపిలో రాసుకొస్తారు. అవ్వాతాతలు ఫోనులో చెప్పినా సరే. శనివారం ప్రార్థన తర్వాత తరగతికి ఇద్దరి చొప్పున చదివిస్తాం. కొత్త పుస్తకం కొనక్కర్లేదు, పోయినేటి నోటుపుస్తకంలో మిగిలిన కాగితాలు చాలు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు,
తిరుపతి