విప్పి చూడకుండా పిస్టన్ పోయిందనకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

బైకులు, కార్ల గురించి మీ పేపర్లో చాలా వస్తుంటాయి గానీ, మెథనాల్, నైట్రోమీథేన్, నూనె కలిపిన ఇంధనంతో నడిచే, రిమోట్ కార్లలో వాడే బుల్లి నైట్రో ఇంజిన్ల గురించి ఒక్క ముక్క కూడా కనపడదు. వీటితో కుస్తీ పట్టే పిల్లలు మన దగ్గర కూడా ఉన్నారు కాబట్టి రాస్తున్నాను.

మా అక్క కొడుకు దగ్గర 3.5 సీసీ ఇంజిన్ రిమోట్ కారు ఉంది. నడుస్తూ నడుస్తూ ఆగిపోయింది. తీసుకెళ్లి చూపిస్తే షాపతను విప్పకుండానే పిస్టన్, అది ఆడే గొట్టం (స్లీవ్) రెండూ పోయాయి, సెట్ మార్చాల్సిందే అన్నాడు. వాడు రెండ్రోజులు అన్నం కూడా సరిగా తినలేదు. ఇంటికి తెచ్చి హెడ్ విప్పితే, ఇంధనాన్ని అంటించే గ్లో ప్లగ్‌లో తీగ సగం లేదు, ఆ తెగిన ముక్కే పిస్టన్ తల మీద నాలుగైదు చిన్న సొట్టలు పెట్టింది. అంచు బాగుంది, పక్కల గీతల్లేవు, స్లీవ్ నున్నగా ఉంది. లోపల ముక్కలేవీ మిగలకుండా కడిగి, కొత్త ప్లగ్ వేసి, ఇంధనం ఎక్కువ తక్కువలు సరిచేసే నీడిల్ కొంచెం తెరిచాం, ఇప్పటికీ నడుస్తోంది.

అసలు పిస్టనే చెబుతుంది ఏం జరిగిందో. తల బూడిద రంగులో ఇసుకతో గీకినట్టు గరుగ్గా ఉంటే లోపల నాకింగ్, అంటే ఇంధనం అదుపు తప్పి పేలడం, జరుగుతోందన్నమాట, ఎక్కువసార్లు ఇంధనం తక్కువై లీన్‌గా నడపడం వల్లే. ఎగ్జాస్ట్ వైపు అల్యూమినియం రుద్దుకుపోయినట్టుంటే నూనె చాలక వేడెక్కింది. నిలువునా సన్నగీతలుంటే దుమ్ము, ఎయిర్ ఫిల్టర్ చూడండి, ముఖ్యంగా మన ఎండాకాలం గ్రౌండుల్లో. గోధుమ రంగు పొర మాత్రం ఆముదం కాలిన మరక, దానికి భయపడక్కర్లేదు.

ఇంకో పొరపాటు అందరూ చేసేదే. ఏబీసీ ఇంజిన్లో, అంటే అల్యూమినియం పిస్టన్, క్రోమ్ పూత వేసిన ఇత్తడి స్లీవ్ ఉన్నదాంట్లో, స్లీవ్ లోపలి రంధ్రం పైకి పోయేకొద్దీ ఇరుకవుతుంది, అందుకే చల్లగా ఉన్నప్పుడు పైన పిస్టన్ పట్టేసినట్టుంటుంది, సీజ్ అయిందని పిల్లలు టెన్షన్ పడతారు. వేడెక్కితే స్లీవ్ సాగి సరిపోతుంది. చల్లగా ఉన్నా ఏ పట్టూ లేకుండా జారిపోతుంటే అప్పుడు అరిగినట్టు. చల్లగా స్టార్టయి, వేడెక్కాక ఆగిపోయి, హెడ్ చల్లారాకే మళ్లీ లేస్తుంటే ఆ అనుమానం ఇంకా గట్టిది, అప్పుడు సెట్ మార్చుకోండి, నేనూ కాదనను.

ఫ్లైవీల్ నట్టు తీయడానికి ఎగ్జాస్ట్ రంధ్రంలో స్క్రూడ్రైవర్ దూర్చి పిస్టన్‌ను ఆపేవాళ్లను చూస్తే నాకు ప్రాణం విలవిల్లాడుతుంది. బాగున్న పిస్టన్‌కు అక్కడే గాటు పడుతుంది.

మీ విద్యార్థుల పేజీలో ఇలాంటి రిపేరు పాఠం వారానికి ఒకటైనా ఫొటోలతో వేయండి సార్. చెడిపోయిన రెండు పిస్టన్లు దాచి ఉంచాను, ఫొటోలకు కావాలంటే పంపుతాను.

— ఒక పాఠకుడు, కర్నూలు