వాల్వు లీకైందన్న మాట చాలదు

సంపాదకులకు,

కర్మాగారంలో ప్రమాదం జరిగినప్పుడల్లా 'వాల్వు లీకవడమే కారణం' అన్న ఒక్క వాక్యంతో వార్త ముగుస్తోంది. 31 ఏళ్లు మెయింటెనెన్స్ విభాగంలో వాల్వులు విప్పి బిగించిన నాకు ఆ వాక్యం చదివితే మనసు ఊరుకోదు. అది ఏ రకం వాల్వు? లోపల పారుతున్నది ఏమిటి?

నేను పనిచేసిన ఒక చోట ఆవిరి లైనులో గేట్ వాల్వును సగం తెరిచి ఉంచి వేడిని సర్దేవారు. గేట్ వాల్వు ఉన్నది పూర్తిగా తెరవడానికి, పూర్తిగా మూయడానికి. సగంలో ఆపితే లోపల దారిని మూసే పలక, అంటే గేటు, అదురుతుంది, సన్నని సందులోంచి దూసుకుపోయే ఆవిరి గేటు ఆనుకునే సీటును కోసేస్తుంది. కొన్ని నెలలకే మూసినా ఆవిరి ఆగలేదు. విప్పి చూస్తే సీటు మీద కత్తితో గీసినట్టు గాడి. కొత్తది తెప్పించారు, మళ్లీ గేట్ వాల్వే! ప్రవాహాన్ని సర్దడానికి పనికొచ్చే గ్లోబ్ వాల్వు పెట్టాలన్న నా మాట మూడోసారికి గానీ వారి చెవికెక్కలేదు. ఆ గ్లోబ్ వాల్వు నా ఉద్యోగ విరమణ నాటికీ చక్కగా పనిచేస్తూనే ఉంది.

పైపు సైజు, 'క్లాస్ 150' (వాల్వు ఎంత పీడనం తట్టుకుంటుందో చెప్పే తరగతి) అని రాసిస్తే కొనుగోలుకు చాలని చాలామంది నమ్మకం. సాధారణ కార్బన్ స్టీలు క్లాస్ 150 వాల్వుకు 38 డిగ్రీల సెల్సియస్ దగ్గర 19.6 బార్ (బార్ పీడనానికి కొలమానం) వరకు అనుమతి ఉంటుంది. 200 డిగ్రీల దగ్గర 13.8, 300 దగ్గర 10.2 మాత్రమే. రంధ్రమున్న బంతిని తిప్పి తెరిచి మూసే బాల్ వాల్వులో టెఫ్లాన్ సీటు ఉంటే, ఉక్కు ఓర్చుకునే వేడికి చాలా ముందే అది మెత్తబడుతుంది.

లోపల పారేదాన్ని బట్టి ప్రమాదమూ మారుతుంది. అమ్మోనియా తగిలితే ఇత్తడి పగుళ్లు తీస్తుంది. ఆక్సిజన్ లైనులో మామూలు గ్రీజుకు నిప్పు అంటుకోగలదు. ద్రవ క్లోరిన్ లైనులో బాల్ వాల్వు మూసినప్పుడు లోపల చిక్కుకున్న క్లోరిన్ వేడెక్కి వ్యాకోచిస్తే వాల్వునే పగలగొట్టగలదు. అందుకే బంతికి ఒక పక్క చిన్న రంధ్రం ఉన్న రకాన్ని, మూసినప్పుడు ఆ రంధ్రం క్లోరిన్ వచ్చే వైపు ఉండేలా బిగిస్తారు. దాన్ని తిప్పి బిగించబోతున్న ఒక కుర్ర ఫిట్టరును నేను ఆఖరి నిమిషంలో ఆపాను. తప్పు అతనిది కాదు. పైనున్న బాణం గుర్తును ఎవరో రంగు వేసి కప్పేశారు.

ఇకపై ఇలాంటి వార్త రాసే విలేకరులు నాలుగు సంగతులు అడగాలని నా మనవి: లోపల పారేదేమిటి, ఎంత వేడి, ఎంత పీడనం, ఆ వాల్వు మూయడానికా లేక ప్రవాహాన్ని సర్దడానికా. యాజమాన్యాలు కూడా కొనుగోలు పత్రంలో వీటికి గడులు పెట్టాలి, అవి నింపనిదే సంతకం చేయకూడదు.

– విశ్రాంత మెయింటెనెన్స్ ఫోర్‌మన్