స్పీకర్లను గూట్లోంచి బయటికి తీయండి

సంపాదకులు గారికి,

ఒంగోలు, నెల్లూరుల్లో కొత్త ఇళ్ళు కట్టుకునేవారు టీవీ పక్కన కడప బండలతో గూళ్ళు కట్టించి, స్పీకర్లను వాటిలోకి నెట్టేస్తున్నారు. చూడ్డానికి పొందికగా ఉంటుంది, పాట మాత్రం పాడవుతుంది. చాలా స్పీకర్లకు గాలి రంధ్రం వెనకవైపు ఉంటుంది. చుట్టూ గోడలున్న గూట్లో బేస్ (మంద్రమైన మోత) ఉబ్బిపోయి, డప్పు మోతే మిగిలి, పాడేవాళ్ళ మాట మసకబారుతుంది.

గోడకు విడిగా అర (షెల్ఫ్) బిగించుకోవడమే మేలు. దాని ఎత్తు మీ చెవిని బట్టి తేల్చాలి. కుర్చీలో కూర్చుంటే చెవి నేలకు సుమారు 40 అంగుళాల ఎత్తున ఉంటుంది. స్పీకర్ అడుగు నుంచి ట్వీటర్ (సన్నని శబ్దాలు పలికే చిన్న స్పీకర్) 9 అంగుళాల పైన ఉంటే, అర 31 అంగుళాల దగ్గర రావాలి. చాప మీద కూర్చుని వినే ఇళ్ళలో ఇంకా కిందికి. గది మూలకు మాత్రం వద్దు, అక్కడా గూటి గొడవే.

చీమకుర్తి గ్రానైటు ముక్కలు మనకు దగ్గర్లోనే దొరుకుతాయి కదా అని వాటినే అరలుగా వేయిస్తుంటారు. 12 బై 10 అంగుళాల 20 ఎంఎం పలకే 4 కిలోలు దాటుతుంది. 6 కిలోల స్పీకర్ కలిస్తే గోడ మీద పడేది 10 కిలోల పైమాటే. 18 ఎంఎం ప్లైవుడ్ చాలు. బ్రాకెట్ చేయి, అర గోడ నుంచి ముందుకొచ్చే వెడల్పులో మూడింట రెండు వంతులైనా ఉండాలి.

ఎక్కువ తప్పులు జరిగేది గోడ దగ్గర. ఎర్ర ఇటుక గోడకు డ్రిల్లు పెట్టగానే బూడిదరంగు పొడి రాలుతుంది, అది సిమెంటు పూత. అర అంగుళం దాటాక ఎర్రపొడి రావాలి. బిట్ ఉన్నట్టుండి లోపలికి జారిందంటే అది బోలు ఇటుక. మామూలు ప్లగ్గు (స్క్రూ పట్టడానికి రంధ్రంలో దూర్చే ప్లాస్టిక్ గొట్టం) అక్కడ పట్టదు, స్క్రూతోపాటే తిరుగుతుంది. లోపల రెక్కలు విప్పుకునే బోల్టు వాడాలి. గట్టి ఇటుకకైతే 8 ఎంఎం బిట్‌తో రెండున్నర అంగుళాల లోతు తీసి, పొడి ఊదేసి, 40 ఎంఎం ప్లగ్గును పూత దాటించి ఇటుకలో కూర్చోబెట్టాలి. పూతలోనే ఆగిన ప్లగ్గు కొన్నాళ్ళకు పెచ్చుతో సహా ఊడొస్తుంది. స్విచ్‌బోర్డుకు నేరుగా పైనా కిందా డ్రిల్లు వేయకండి, వైర్లు అటే పోతాయి. రెండో బ్రాకెట్ బిగించే ముందు రసమట్టం (స్పిరిట్ లెవెల్) పెట్టి చూడాలి.

స్పీకర్ నాలుగు మూలల కింద రబ్బరు ముక్కలు వేస్తే అర గరగరలాడదు. కొత్తపట్నం, మైపాడు లాంటి సముద్రపు ఊళ్ళలో స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలువే కొనండి. మామూలువి ఉప్పుగాలికి తుప్పు పడతాయి.

ఇట్లు,
ఒక పాఠకుడు, ఒంగోలు