కోళ్ల గూటికి సోలార్: గాలికి సరే, వేడికి కాదు

సంపాదకుడు గారికి,

పెరట్లో పదో పాతికో కోళ్లు పెంచుకునేవాళ్ల కోసమంటూ ఈమధ్య సోలార్ కిట్లు అమ్ముతున్నారు. ప్యానెల్, బ్యాటరీ, ఫ్యాను, హీట్ బల్బు అన్నీ ఒకే డబ్బాలో ఉంటాయి. ఎండాకాలం చల్లగా, చలికాలం వెచ్చగా ఉంటుందని ప్రచారం. ఇందులో మొదటి సగం నిజమే. రెండో సగం నమ్మి నేను దెబ్బతిన్నాను, అందుకే ఈ ఉత్తరం.

నా కిట్‌లో ఉన్నవి 100 వాట్ల ప్యానెల్, 250 వాట్ల బల్బు. ఒక చలి రాత్రి ఎనిమిదింటికి బల్బు వేస్తే పది కాకముందే ఆరిపోయింది. బ్యాటరీ పాడైందేమోనని వారం రోజులు తిప్పలు పడ్డాను. తీరా లెక్కేస్తే దాని తప్పేమీ లేదు. బాగా ఎండ కాసిన రోజున ఆ ప్యానెల్ నుంచి వచ్చేది 400 వాట్-అవర్లకు (వాట్లను గంటలతో గుణిస్తే వచ్చే లెక్క) కాస్త అటూఇటూ. బల్బు పది గంటలు వెలగాలంటే 2,500 కావాలి. అంటే అలాంటివి ఆరు ప్యానెళ్లు పెట్టినా చాలీచాలనట్టే. పైగా చలికాలం పగళ్లు చిన్నవి, మబ్బు పడితే అదీ లేదు. ఐదో తరగతి పిల్లలు చేసే ఈ గుణకారం డబ్బా మీద మాత్రం ఎక్కడా లేదు.

బల్బు ఆరాక టార్చి వేసి చూశాను. కోళ్లు కర్ర మీద ఒకదాన్నొకటి ఆనుకుని, ఈకలు ఉబ్బించుకుని బంతుల్లా కూర్చుని ఉన్నాయి. నాకున్న టెన్షన్ వాటికి లేదు. ఈకలు పూర్తిగా వచ్చిన కోడికి మామూలు చలి పెద్ద లెక్క కాదు. తడిసిన పొట్టు, సూటిగా కొట్టే ఈదురుగాలి, రెట్ట నుంచి వచ్చే అమ్మోనియా ఘాటు... దాన్ని పాడుచేసేవి ఇవి. హీట్ బల్బు జారి ఎండిన పొట్టు మీద పడితే గూడే అంటుకుంటుంది. కోడిపిల్లల సంగతి వేరు. మొదటి వారం వాటికి 32 నుంచి 35 డిగ్రీల వేడి ఉండి తీరాలి. ఆ పని ఇంత చిన్న కిట్‌కి అప్పగించకూడదు.

సోలార్ అసలు పనికొచ్చేది ఎండల్లో. కోడికి చెమట పట్టదు, రొప్పుతూనే ఒళ్లు చల్లబరుచుకోవాలి. ఫ్యాను అవసరమయ్యేది ఎండ మండేటప్పుడే, ప్యానెల్ బాగా పనిచేసేదీ అప్పుడే. 12 వాట్ల ఫ్యానుకి పగటిపూట బ్యాటరీతో పని లేదు, వోల్టేజీ సరిచేసే చిన్న పరికరం ఒకటి మధ్యలో ఉంటే చాలు. నేను ఫ్యానుని గూటి పైభాగంలో, వేడి గాలిని బయటికి లాగేలా బిగించాను. ప్యానెల్‌ని రేకుకి జానెడు ఎత్తులో నిలబెట్టాను. దాని నీడలో రేకు కాలడం తగ్గింది, కింద గాలి ఆడుతుంది కాబట్టి ప్యానెల్ కూడా మరీ వేడెక్కదు. వేడెక్కితే కరెంటు తగ్గుతుంది మరి. అంతకుముందు మధ్యాహ్నం రెండింటికి నోరు తెరిచి, గొంతు అదురుతూ, రెక్కలు ఒంటికి తగలకుండా ఎత్తి నిలబడే పెట్ట, ఫ్యాను పెట్టిన మూడో రోజు అదే వేళకి తాపీగా మట్టిలో పొర్లుతోంది. నీడ, చల్లటి నీళ్లు లేకుండా ఫ్యాను ఒక్కటే పెడితే మాత్రం వేడి గాలిని తిప్పడమే అవుతుంది.

సోలార్ రాయితీల గురించి ఎక్కడ మాట్లాడినా కిలోవాట్ల లెక్కే. 50 వాట్లతో పని జరిగిపోయేవాళ్లకు సలహా చెప్పే మనిషే లేడు, అమ్మేవాళ్ల మాటే వేదం. ఈ కిట్ హీట్ బల్బుని ఎన్ని గంటలు వెలిగిస్తుందో డబ్బా మీద రాసి తీరాలని నిబంధన పెట్టాలి. పశువైద్య సిబ్బంది టీకాలకు వచ్చినప్పుడు గూటి గాలి, నీడ కూడా ఒకసారి చూసి చెబితే బాగుంటుంది. మీ పత్రిక వ్యవసాయ పేజీలో వాట్లు, గంటల లెక్క ఒక్కసారి వేసినా చాలామంది నాలాగా హీట్ బల్బు కొనకుండా ఆగుతారు. నాది ఇంకా అటక మీదే ఉంది.

ఇట్లు,
ఒక పాఠకుడు